యాభై ఎనిమిదో బ్యాచ్

పోయిన వారం సింధూరిని పెరంబూరులో, వాళ్ళ షెడ్డు తలుపు ముందు వదిలిపెట్టాం. మంగళవారం, ఉదయం తొమ్మిది దాటింది. ఐదు నెలలుగా ఆమెను వేధిస్తున్న ప్రశ్నకు జవాబు ఆ తలుపు వెనకే ఉంది.

ఆ షెడ్డులో ముగ్గురు కలిసి చేస్తున్న పని ఒకటే. టెంకాయ చిప్పలను గాలి తగలకుండా కాల్చి, సోడియం బ్యాటరీ యానోడ్‌కు పనికొచ్చే నల్లటి పొడి తయారుచేయడం. పరిశోధన సింధూరిది, పై వ్యవహారాలు ఆమె అన్న రాజీవ్‌వి, కొలిమి పెరుమాళ్‌ది. మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడు ఆ పొడిలోకి వెళ్ళే సోడియంలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళే తిరిగి బయటికి వచ్చేది. మిగిలింది లోపలే చిక్కుకుపోయేది. నలభై ఒకటో బ్యాచ్‌లో మాత్రం తొంభై మూడు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియలేదు. మళ్ళీ రాలేదు. షెడ్డును కొనేస్తామని వచ్చిన కోయంబత్తూరు కంపెనీ తరఫు మనిషి గురుప్రసాద్, 'ఆ అంకె మీరే దిద్దుకున్నారేమో' అని ముఖం మీదే అనేశాడు. మేము అమ్మడం లేదని సింధూరి కూడా ముఖం మీదే చెప్పింది. నీ ఇష్టమే నా ఇష్టమని రాజీవ్ చెల్లెలి పక్కన నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం యాభై ఎనిమిదో బ్యాచ్ పరీక్ష ముగిసింది. మళ్ళీ తొంభై మూడు.

పెరుమాళ్ ఏదో చేశాడు. చేసింది కాగితం మీద రాయలేదు. అదేమిటో అడుగుదామని, రోజూ పదికి వచ్చే సింధూరి ఈరోజు ముందే వచ్చింది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పగలు పెరుమాళ్ ఎన్నడూ గడియ వేసుకోడు. ఆమె తట్టబోయి ఆగింది. లోపల మనిషి గొంతు ఒకటి గట్టిగా లేచి, నోరు మూసేసినట్టు సగంలో ఆగిపోయింది.

సింధూరి షెడ్డు చుట్టూ పరుగెత్తింది. చిప్పల బస్తాలు దించే రేకు తలుపు వెనకవైపు ఉంది. దాన్ని భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళింది.

మొదట కనపడింది పెరుమాళ్ కుడిచెయ్యి. పనిబల్లకు బిగించిన, పిడి తిప్పితే దవడలు బిగుసుకునే ఇనుప వైసులో ఇరుక్కుని ఉంది. వైసు పిడి మీద ఒకడి చెయ్యి ఉంది. ఇంకొకడు పెరుమాళ్ నోటికి తువ్వాలు అదిమి పట్టుకున్నాడు. మూడోవాడు పక్కన నిలబడి నీళ్ళ గొట్టపు ముక్కను అరచేతిలో దొర్లిస్తున్నాడు. ఆ గొట్టం చివర తడి ఉంది. పెరుమాళ్ చెవి వెనక నుంచి రక్తం మెడ మీదికి, అక్కడి నుంచి ఖాకీ చొక్కా కాలర్‌లోకి దిగుతోంది.

వైసు దగ్గరున్నవాడు తల తిప్పి ఆమెను చూశాడు. నలభై ఏళ్ళవాడు. బాగా ఇస్త్రీ చేసిన చొక్కా. ముఖంలో కోపం లేదు, పని మధ్యలో ఎవరో అడ్డం వచ్చినప్పటి విసుగు మాత్రం ఉంది.

"పదికి కదా మేడమ్ మీరు వచ్చేది," అన్నాడు.

"ఎవరు మీరు? ఆయన్ని వదలండి."

"ముత్తురాజన్నా, ఏం చేసేది?" అని గొట్టం పట్టుకున్నవాడు అడిగాడు.

"ఏం లేదు. తలుపు దగ్గిర నిలబడు. మేడమ్ ఆడ కూచుంటారు." ముత్తురాజ్ ఆమెకు ఒక స్టూలు చూపించాడు. "మీ మీద చెయ్యి పడదు. పడకూడదని గట్టిగా చెప్పినారు. ఈ పెద్దాయన గురించి అట్ల ఎవురూ ఏమీ చెప్పలేదు."

సింధూరి కూర్చోలేదు. ఫోన్ తీయబోతే తలుపు దగ్గరివాడు లాక్కుని బల్ల మీద పెట్టాడు.

"ఒక్క మాట చెప్తే పోతా ఉంటాం," అన్నాడు ముత్తురాజ్. "యాభై ఎనిమిదిలో ఏం కలిపినాడు?"

ఆ అంకె వీడికి ఎలా తెలుసు? గురుప్రసాద్‌కు తెలిసింది నలభై ఒకటి. యాభై ఎనిమిది నిన్న సాయంత్రం దాకా తనకే తెలియదు. కానీ అంతకు మించి ఆలోచించే వ్యవధి వాడు ఇవ్వలేదు. వైసు పిడిని పావు చుట్టు తిప్పాడు. పెరుమాళ్ వెన్ను విల్లులా వంగింది. తువ్వాలు వెనక నుంచి వచ్చిన శబ్దం మనిషిది కానట్టు ఉంది.

"నాకు తెలీదు," అంది సింధూరి. "నిజంగా తెలీదు. తెలిసుంటే ఈపాటికి చెప్పేసి ఉందును. ఆయన చేతికంటే నాకు ఆ పొడి ఎక్కువ కాదు."

"మీకు తెలీదని మాకూ తెలుసు మేడమ్. తెలిసింది ఈయనకే." ముత్తురాజ్ సైగ చేస్తే రెండోవాడు తువ్వాలు తీశాడు. "ఏం పెద్దాయనా, పాప అడగతా ఉంది. పాపకైనా చెప్పు."

పెరుమాళ్ ముందుకు వాలిపోయి ఊపిరి పీల్చుకున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. రైల్వే వర్క్‌షాప్ ఫౌండ్రీలో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి పని చేసి రిటైరయ్యాడు. సింధూరి తండ్రి ధర్మలింగం వాషర్‌మెన్‌పేట్‌లో చిప్పల బొగ్గు హోల్‌సేల్ వ్యాపారి. పెరుమాళ్ ఆ దుకాణానికి వస్తూపోతూ ఆమెను స్కూలు రోజుల నుంచి ఎరిగినవాడు. ఈ షెడ్డులోని కొలిమి, దాని ఇటుకలతో సహా ఆయన కట్టిందే.

"పో పాపా," అన్నాడు. పెదవి చిట్లిపోయి మాట ముద్దగా వచ్చింది. "నువ్వు ఈడ ఉండొద్దు. వీళ్ళకేం చెప్పను నేను."

"మామా, చెప్పేయండి. పోతే పోయింది."

"నీ ఐదేండ్లు పాపా అది."

ముత్తురాజ్ పిడిని ఇంకో పావు చుట్టు తిప్పాడు. ఈసారి ఎండుపుల్ల విరిగినట్టు ఏదో పలికింది. పెరుమాళ్ కేక పెట్టలేదు. కళ్ళు పైకి తేలిపోయాయి, మళ్ళీ కిందికి దిగాయి. చూపుడువేలు గోరు కింద నుంచి రక్తం వైసు దవడ మీదికి కారి, అక్కడి ఇనుప రజనును తడిపింది.

సింధూరి ముత్తురాజ్ మీదికి దూకింది. తలుపు దగ్గరివాడు వెనక నుంచి ఆమె దుపట్టా పట్టి లాగాడు. గొంతు బిగుసుకుంది. ఆమె నేల మీద పడింది. "చెయ్యి వెయ్యొద్దన్నా కదరా," అని ముత్తురాజ్ వాడిని కసిరి, చుట్టూ చూశాడు. మనిషిని బాదితే మాట రావడం లేదని వాడికి అర్థమైంది. ఇంకేదన్నా దొరుకుతుందేమోనని వెతికాడు.

గోడ పక్కన గాజు పెట్టె ఉంది. లోపల గాలి లేకుండా చేసి, బయటి నుంచి రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పరీక్ష బ్యాటరీలు అతికించేది అందులోనే. దాని పక్కన అరలో, ఈరోజు పనికని సింధూరి నిన్న తీసిపెట్టిన సీసా ఉంది. నూనెలో మునిగిన వెండిరంగు ముద్దలు. ముత్తురాజ్ దాన్ని తీసి వెలుతురుకు ఎత్తిపట్టాడు.

"ఇదా మందు?" మూత తిప్పాడు.

"మూత తీయకు," అంది సింధూరి. "సోడియం అది. నీళ్ళు తగిలితే అంటుకుంటుంది."

షెడ్డులోకి కొత్తగా వచ్చే ప్రతి మనిషికీ చెప్పే మాట. అలవాటుగా నోటి నుంచి జారిపోయింది. జారిన మరుక్షణమే దాన్ని వెనక్కి లాక్కోవాలనిపించింది.

ముత్తురాజ్ సీసాను చూశాడు. పెరుమాళ్ చేతిని చూశాడు.

"నీళ్ళంటే, రత్తం కూడా తడే కదా మేడమ్."

వాడు మూత తీసేసి, వైసు దగ్గరికి వెళ్ళి సీసాను నలిగిన చేతి మీదికి వంచాడు. నూనె సన్నటి ధారగా వేళ్ళ మీద పడి రక్తంతో కలిసింది. నిమ్మకాయంత ముద్ద ఒకటి సీసా మూతి దాకా జారి వచ్చి ఆగింది.

"మూడు లెక్కపెడతా పెద్దాయనా."

పెరుమాళ్ కళ్ళు మూసుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

పొడిని మూతపెట్టి కాల్చే మూసలను కొలిమిలోంచి తీసే పటకారు సింధూరి పడినచోటే, ఇటుకలకు ఆనించి ఉంది. నాలుగడుగుల ఇనుము. లేచి దాన్ని ఎప్పుడు అందుకుందో ఆమెకు తెలియదు. రెండు చేతులతో ఎత్తి, తిప్పి, ముత్తురాజ్ మోచేతి మీద కొట్టింది. ఎముక విరగడం తన అరచేతుల్లో తెలిసింది. ఎవరినీ ఎప్పుడూ చెంపదెబ్బయినా కొట్టని చేతులవి. రెండో దెబ్బ కోసం ఎత్తినప్పుడు, కొట్టాలని తనకు ఎంతగా ఉందో చూసి ఆమెకే భయం వేసింది.

మొదటి దెబ్బకే సీసా గాలిలోకి లేచింది. చిప్పల పొడి కడిగే నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము బల్లకు ఆరడుగుల దూరంలో ఉంది, ముప్పావు వంతు నీళ్ళతో. సీసా దాని అంచుకు తగిలి పగిలింది. ముద్దలన్నీ లోపల పడ్డాయి.

సింధూరి పటకారు వదిలేసి పెరుమాళ్ మీద పడింది. చెయ్యి వైసులో ఉంది, ఆయన్ని కిందికి లాగడానికి లేదు. తన వీపు డ్రమ్ము వైపు పెట్టి, ఆయన తలను పొట్టలోకి హత్తుకుంది. ముత్తురాజ్ విరిగిన చెయ్యి పట్టుకుని, బుసబుసమంటున్న నీళ్ళ వైపు వింతగా చూస్తున్నాడు. నీళ్ళ మీద పసుపుపచ్చటి మంట గిరగిర తిరగడం మొదలైంది.

తరువాత షెడ్డు పేలింది. అలాగే అనిపించింది ఆమెకు. డ్రమ్ము చీలి, మంటతో కలిసిన నీళ్ళు పైకప్పు రేకులకు కొట్టుకున్నాయి. గాజు పెట్టె అద్దం పగుళ్ళు వారింది. ఆమె వీపు మీద వేడి చినుకులు పడి కమీజు గుడ్డ నాలుగుచోట్ల కాలింది. చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడలేదు. తల ఎత్తేసరికి మిగతా ఇద్దరూ లేరు. రేకు తలుపు ఊగుతోంది.

ముత్తురాజ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ముఖం ఎడమ సగం ఎర్రగా ఉబ్బింది. చెంప మీద, కనురెప్ప పక్కన, గడ్డం కింద బూడిదరంగు రవ్వలు అతుక్కుని పొగలు కక్కుతున్నాయి. కళ్ళు తెరవలేకపోతున్నాడు.

"తణ్ణి," అన్నాడు తమిళంలో, నీళ్ళ కోసం. "అమ్మా, తణ్ణి."

గోడ కింద కొళాయి ఎక్కడుందో వాడు వచ్చినప్పుడే చూసినట్టున్నాడు. మంచి చేత్తో నేల తడుముకుంటూ అటు పాకాడు.

ఆ ముఖం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో సింధూరికి తెలుసు. రవ్వలన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. కళ్ళు పోతాయి. ఆమె నోరు విప్పకపోతే చాలు. చెయ్యి కదపక్కర్లేదు. అడిగినవాళ్ళకు, వాడే కొళాయి తిప్పుకున్నాడని చెప్పవచ్చు. ఆమె వైసు వైపు చూసింది. ముత్తురాజ్ చెయ్యి గోడను తాకింది. కొళాయి గొట్టం దొరికింది. వేళ్ళు గొట్టం వెంట పైకి పాకాయి. ఆమె ఇంకా మాట్లాడలేదు.

"పాపా," అన్నాడు పెరుమాళ్. అంతే అన్నాడు.

సింధూరి పరుగెత్తి ముత్తురాజ్ చేతిని కాలితో తన్నింది. "నీళ్ళు వద్దు. కళ్ళు పోతాయి. ముఖం కదపకుండా పడుకో." చొక్కా పట్టుకుని వెల్లకిలా తిప్పింది. పొడిగుడ్డ, మిషను నూనె డబ్బా తెచ్చింది. రవ్వలను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి తీసి నూనెలో వేసింది. ఒక్కో రవ్వతో చర్మం ఊడి వస్తోంది. వాడు అరిచినప్పుడల్లా ఆమె పళ్ళు బిగబట్టి ఇంకొకటి తీసింది. జాలితో చేసిన పని కాదది. ఆ కొళాయి దగ్గర తాను ఆలస్యం చేసిన క్షణాలు ఆమెను తరుముతున్నాయి. ఆఖరి రవ్వ పోయాక, వాడి తలను కొళాయి కిందికి లాగి నీళ్ళు వదిలింది.

"లెయ్యకు. అట్లే ఉండు."

బల్ల మీది ఫోన్ అందుకుని ఆంబులెన్స్‌కు చేసింది. వీధి పేరు, వర్క్‌షాప్ గోడ గుర్తు చెప్పింది. పది నిమిషాల్లో వస్తామన్నారు. వైసు పిడిని వెనక్కి తిప్పుతుంటే చేతులు రక్తానికి జారిపోయాయి. దుపట్టాతో పట్టుకుని తిప్పింది. విడివడిన చేతిని చూడకుండా ఆ దుపట్టాలోనే చుట్టి, పెరుమాళ్‌ను కిందికి దించి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆయన ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఒక కంటిపాప ఇంకోదానికంటే పెద్దదిగా ఉంది. తలకు దెబ్బ తగిలిన మనిషిలో అది మంచి గుర్తు కాదని ఆమెకు తెలుసు.

"మాట్లాడొద్దు మామా."

"ఇప్పుడు చెప్పకపోతే..." ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. కొళాయి చప్పుడులో ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాడు. "నలభై ఒకటి అప్పుడు మూస మూత పగిలింది. కొత్తది లేదు. ఫౌండ్రీలో మేము చేసే మాదిరి తారు ఉండ ఒకటి కరిగించి పగులు మూసినాను. నీకు చెప్తే తిడతావు, పొడి తప్ప ఇంకేం పోకూడదంటావు కదా. కాగితంలో మూత బాగుండాదని రాసినా. దానికీ దీనికీ లింకు ఉండాదని నాకేం తెలుసు. పోయిన వారం ఇంకో మూత పగిలింది. మళ్ళీ తారే పెట్టినా. నువ్వు పరీక్షకు పెడతా ఉంటే చూసినా, నలభై ఒకటికీ ఇదే తారు కదా అని అప్పుడు తట్టింది."

"ఎంత తారు?"

"గోలీకాయంత. కొలిమి ఎర్రబడక ముందే పొగ లోపలికి పోవల్ల. నిదానంగా."

సింధూరికి ఆ పొగ కళ్ళకు కట్టింది. పొడిలో కంటికి కనపడని రంధ్రాలు కోట్లు ఉంటాయి. వాటి నోళ్ళు వెడల్పుగా ఉండటం వల్లే బ్యాటరీ ద్రవం లోపలికి దూరి సోడియంను తినేస్తోంది. తారు పొగ ఆ నోళ్ళ చుట్టూ పేరుకుని వాటిని సన్నగా చేసింది. ఇప్పుడు సోడియం దూరుతుంది, ద్రవం దూరలేదు. ఐదు నెలలు ఆమె వెతికింది పొడిలో. జవాబు మూత మీద ఉంది. ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది.

రేకు తలుపు కిర్రుమంది. ఆంబులెన్స్ వాళ్ళనుకుని ఆమె తల ఎత్తింది.

రాజీవ్ నిలబడి ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఈ వేళప్పుడు ఊరికి ఆ చివర, షోళింగనల్లూరులో తన ఉద్యోగంలో ఉండాల్సిన మనిషి.

"అన్నా," అంది. ప్రాణం లేచి వచ్చింది. "అన్నా, మామను లేపడానికి ఒక చెయ్యి వెయ్యి."

రాజీవ్ పగిలిన డ్రమ్మును చూశాడు. కొళాయి కింద పడి ఉన్న ముత్తురాజ్‌ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. చెల్లెలి వీపు మీద కాలిన గుడ్డను కూడా చూశాడు, కానీ దాని గురించి అడగలేదు.

"పెరుమాళ్ చెప్పినాడా?" అన్నాడు.

ఆ గొంతు విని ముత్తురాజ్ నీళ్ళలోంచి ముఖం తిప్పాడు. "సార్, ఆసుపత్రికి తీసకపోండి సార్. చెయ్యి పోయింది."

సింధూరి అన్న ముఖం వంక చూసింది. నిన్న సాయంత్రం తొంభై మూడు అంకె చూడగానే ఆమె ఒక్కరికే ఫోన్ చేసింది. యాభై ఎనిమిది పనిచేసింది అన్నా, పెరుమాళ్ మామ ఏదో చేసినాడు, రేపు పదికి అడుగుతా అని చెప్పింది. సంతోషం పట్టలేక రెండుసార్లు చెప్పింది.

"నువ్వా?"

"బెదిరించమన్నా, అంతే. ఇట్ల చేస్తారని నాకు తెలీదు సిందూ." రాజీవ్ నుదురు తుడుచుకున్నాడు. "పోయిన శుక్రవారమే గురుప్రసాద్‌కు మాట ఇచ్చేసినా. షెడ్డు వద్దంట వాళ్ళకు, చేసే విధానం చాలంట. నువ్వు ఇస్తావా? ఇంకో పదేండ్లు ఈ బొగ్గులోనే ఉంటావు, నన్నూ ఉంచుతావు. నీకు తెలియకముందే ఈయన దగ్గిర తీసుకోవల్ల అనుకున్నా. నీ వేలు కూడా తాకొద్దని చెప్పినా కదా."

"ఆయన చేతిని వైసులో పెట్టి తిప్పినారన్నా."

రాజీవ్ చూపు దుపట్టా మూట మీదికి వెళ్ళింది. వెంటనే గోడ వైపు తిరిగిపోయింది.

"ఏం చెప్పినాడో చెప్పు."

దూరంగా సైరన్ వినపడింది. వర్క్‌షాప్ గోడ పక్కగా, ఇటువైపే. సింధూరి పెరుమాళ్ తలను ఇంకా పైకి ఎత్తి పట్టుకుంది. "వచ్చేసినారు మామా, అయిపోయింది." సైరన్ వీధి మొదటి దాకా వచ్చి ఆగింది. ఆమె మనసులో పది లెక్కపెట్టింది. ఇరవై దాటింది. సైరన్ మళ్ళీ మొదలై, ఈసారి దూరమవుతూ, రైలు చప్పుడులో కలిసిపోయింది.

"వీధి చివర మన మనిషిని నిలబెట్టినా," అన్నాడు రాజీవ్. గొంతు పెద్దది చేయలేదు. "అడ్రెస్ తప్పని చెప్పి పంపించేసినాడు. నా కారు బయటే ఉండాది సిందూ. ఐదు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉంటాం. చెప్పు, నేనే ఎత్తుకుంటా ఆయన్ని."

ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్న పెరుమాళ్ ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటిగా వదులవసాగాయి.